చైనీస్ ‘తా’కు తెలుగు ‘కొట్టు’ ఎంత దగ్గర?

చైనీస్ మొదలుపెట్టినవాళ్ళకు నెల తిరగకుండానే ఎదురయ్యే మాటల్లో ‘తా తియెన్‌హ్వా’ ఒకటి. ఫోన్ చేయడం అని అర్థం. ‘తియెన్‌హ్వా’ అంటే టెలిఫోన్. విడదీసి చెప్పుకుంటే కరెంటు మాట. మరి ‘తా’? నిఘంటువు తీస్తే దాని మొదటి అర్థం కొట్టడం. చేత్తోనో కర్రతోనో బాదడం. ఇంగ్లీషు ద్వారా చైనీస్ నేర్చుకునేవాళ్ళు ఇక్కడ కాసేపు తెల్లమొహం వేస్తారు, ఫోన్‌ని కొట్టడమేంటని. తెలుగువాళ్ళకు ఆ ఇబ్బంది లేదు. ‘బయల్దేరగానే ఒక మిస్డ్ కాల్ కొట్టు’ అని రోజూ అనే భాష మనది.

విదేశీయుల కోసం చైనా నిర్వహించే హెచ్ఎస్‌కె పరీక్షలో, పాత పద్ధతి ప్రకారం, మొదటి మెట్టుకు 150 మాటలే. ‘తా తియెన్‌హ్వా’ వాటిలోనే ఉంది. రెండో మెట్టులో బాస్కెట్‌బాల్ ఆడటం వస్తుంది, దాంట్లోనూ తా. మూడో మెట్టులో ఇల్లు ఊడ్చి శుభ్రం చేయడం, ఫలానా పని చేద్దామనుకోవడం. నాలుగో మెట్టుకి వచ్చేసరికి ఇంజెక్షన్, డిస్కౌంట్, ప్రింటు, పలకరింపు, ముస్తాబు. అన్నింట్లోనూ అదే అక్షరం. చైనావాళ్ళ ప్రామాణిక నిఘంటువు ఈ ఒక్క క్రియకు ఇరవైకి పైగా అర్థాలు ఇస్తుంది. ఆ జాబితాను వరసగా బట్టీ పట్టడం శుద్ధ దండగ.

అక్షరం చూడటానికి చిన్నదే, ఐదు గీతలు. ఎడమవైపు మూడు, కుడివైపు రెండు. ఎడమ సగంలో ముందు ఒక చిన్న అడ్డగీత గీస్తారు. తర్వాత దాన్ని కోసుకుంటూ పైనుంచి కిందికి దిగి, చివర ఎడమకు కొక్కెంలా తిరిగే నిలువుగీత. ఆపైన కింద ఎడమనుంచి కుడికి ఎగదోసే ఏటవాలు గీత. ఈ మూడూ కలిస్తే ‘చెయ్యి’. విడిగా రాసేటప్పుడు చెయ్యి అన్న అక్షరం రూపం వేరు. మరో అక్షరం పక్కన ఇరుక్కోవాల్సి వస్తే ఇలా సన్నబడుతుంది. తోయడం, లాగడం, పట్టుకోవడం, విసరడం లాంటి చేతిపనుల అక్షరాల్లో చాలావాటికి ఎడమపక్కన ఈ చెయ్యే ఉంటుంది. కుడి సగం, ఇంగ్లీషు ‘టీ’ అక్షరానికి కింద కొక్కెం తగిలించినట్టుంటుంది. దాని పేరు ‘తింగ్’.

తింగ్ పాతకాలపు రూపం మేకు తలలా ఉండేదనీ, చెయ్యి పక్కన మేకు కాబట్టి కొట్టడం అనీ టీచర్లు చెబుతుంటారు. గుర్తుపెట్టుకోవడానికి బాగానే ఉంటుంది. అక్షరం మాత్రం అలా పుట్టలేదు. తింగ్ ఇక్కడికి వచ్చింది అర్థం కోసం కాదు, ధ్వని కోసం. ఒకప్పుడు ఈ క్రియను తింగ్, తెంగ్‌లకు దగ్గరగా పలికేవాళ్ళు. క్రీ.శ. 100 ప్రాంతంలో తయారైన ‘షువో వెన్’ నిఘంటువు మూలంలో అసలీ అక్షరమే లేదు. 986లో దాన్ని పరిష్కరించినప్పుడు కొత్తగా చేర్చిన అక్షరాల్లో ఇది కనిపిస్తుంది: అర్థం కొట్టడం, అర్థానికి చెయ్యి, ధ్వనికి తింగ్ అని. కాలక్రమంలో నోట్లో పలుకు ‘తా’ అయిపోయింది. అక్షరం మాత్రం ఎవరూ పలకని ఆ పాత ధ్వనిని ఇంకా మోస్తూనే ఉంది.

పలకడం దగ్గర తెలుగువాళ్ళకు ఒక లాభం, ఒక ప్రమాదం ఉన్నాయి. రోమన్ లిపిలో దీన్ని ‘డి, ఎ’ అని రాస్తారు కాబట్టి ‘దా’ అనో ‘డా’ అనో చదివేస్తాం. ప్రామాణిక చైనీస్‌లో మన గ, డ, ద, బ లాంటి ధ్వనులు లేవు. అక్కడ రోమన్ ‘డి’ అంటే మన త. రోమన్ ‘టి’ అంటే మన థ. అంటే చైనీస్‌కి కావలసిన తేడా, అక్షరాలు దిద్దేటప్పుడు మనకు నేర్పిన తేడాయే. చిక్కల్లా, మాటల్లోకి వచ్చేసరికి ‘కథ’ను ‘కత’ అనేస్తాం. చైనీస్‌లో ఆ సర్దుబాటు చెల్లదు. ‘థా’ అంటే అతను, ‘తా’ అంటే కొట్టడం. ‘థా తా థా’ అంటే అతను అతన్ని కొడతాడు. ఒత్తు వదిలేస్తే వాక్యంలో కొట్టేవాడూ ఉండడు, దెబ్బలు తినేవాడూ ఉండడు. (ఈ వ్యాసంలోని చైనీస్ మాటలన్నీ ఆ లెక్కన రాసినవే. మనుషుల పేర్లు మాత్రం పత్రికల్లో అలవాటైన తీరులో ఉన్నాయి.)

ఇక స్వరం, అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎక్కే, దిగే తీరు. తాది మూడో స్వరం. ఒంటరిగా పలికితే గొంతు కిందికి దిగి మళ్ళీ లేస్తుంది, నమ్మలేని మాట విన్నప్పుడు ‘ఆ...ఆఁ?’ అని సాగదీసినట్టు. మాటల మధ్య పడితే లేచే భాగం పోయి, కింద మంద్రంగా ఉండిపోతుంది. పక్కన మరో మూడో స్వరం వస్తే మాత్రం రెండూ ఒకేలా దిగలేవు కాబట్టి మొదటిది పైకి లేస్తుంది. నీళ్ళు తెచ్చుకోవడం ‘తా ష్వెయ్’, గొడుగు వేసుకోవడం ‘తా సాన్’, ఇల్లు శుభ్రం చేయడం ‘తాసావ్’. ఈ మూడింట్లోనూ తా పైకి లేచే తా. పుస్తకంలో ఆ మార్పును గుర్తించి రాయరు, నోటికి అలవాటు కావాల్సిందే. ఇదే అక్షరాన్ని ఎప్పుడూ లేచే స్వరంతోనే పలికే చోటు కూడా ఒకటుంది. అక్కడ దాని అర్థం డజను. పన్నెండు పెన్సిళ్ళు కొంటే ‘ఒక తా’. ఇంగ్లీషు మాటను రాయడానికి ధ్వని దగ్గరగా ఉందని ఈ అక్షరాన్ని వాడుకున్నారు, అంతే. కొట్టడానికీ డజనుకీ చుట్టరికం వెతకనక్కర్లేదు.

తా ఇలా ఊరంతా తిరగడం మీద కోపం వచ్చినవాళ్ళు చైనాలోనే ఉన్నారు. సాంగ్ రాజుల కాలంలో పెద్ద పండితుడు, కవి, మంత్రి అయిన ఓయాంగ్ షియు (1007–1072) తన ముచ్చట్ల పుస్తకంలో ఈ ఒక్క అక్షరం మీద విరుచుకుపడ్డాడు. పండితుడూ పామరుడూ ఒకే తీరున తప్పు వాడే మాట ఇదొక్కటేనన్నది ఆయన ఫిర్యాదు. అసలు అర్థం కొట్టడం. మనుషులు కొట్టుకుంటే తా అనొచ్చు. కంసాలి వెండి బంగారాలతో వస్తువులు చేస్తే కూడా అనొచ్చు, సుత్తి దెబ్బ ఉంది కాబట్టి. మరి పడవ కట్టినా తా, బండి చేసినా తా, చేపలు పట్టినా తా, నీళ్ళు తోడినా తా, కూలీలకు కూడు పెట్టినా తా, సైనికులకు బట్టలూ గింజలూ ఇచ్చినా తా, నౌకరు గొడుగు పట్టినా తా, బంకతో కాగితం అంటించినా తా, నేల కొలిచినా తా ఏమిటి? పైగా నిఘంటువులన్నీ గాలించినా జనం నోట్లో ఉన్న ఆ పలుకే లేదని కూడా విసుక్కున్నాడు. అప్పటికే నిఘంటువులో పలుకు వేరు, వీధిలో పలుకు వేరు అయిపోయాయన్నమాట.

వెయ్యేళ్ళు కావస్తున్నా ఆయన జాబితా పెద్దగా చెదరలేదు. నీళ్ళు, చేపలు, గొడుగు, కూడు ఇప్పటికీ తాతోనే నడుస్తున్నాయి. ఒకటి మాత్రం అడ్డం తిరిగింది. ‘తా ఛ’ అంటే ఆయన రోజుల్లో బండి తయారుచేయడం. ఇప్పుడు టాక్సీ పిలవడం. 2012లో మొదలైన దీదీ టాక్సీ యాప్ తొలిరోజుల పేరు చివర ఉన్నది ఈ తా ఛ యే.

1920లలో భాషావేత్త లియు బన్నోంగ్‌కూ ఇదే విసుగు. తాతో వచ్చే మాటలు పోగుచేసుకుంటూ పోయి, చివరికి దానికి ‘హున్‌తాన్ అక్షరం’ అని బిరుదిచ్చాడు. హున్‌తాన్ అంటే మన వెధవకు దగ్గరగా ఉండే తిట్టు. ఆ తిట్టులోని మొదటి అక్షరానికి కలగాపులగం అన్న అర్థం కూడా ఉంది కాబట్టి ఎత్తిపొడుపు బాగా అతికింది. తర్వాత చెన్ వాంగ్‌దావ్ అనే మరో పండితుడు, అంత తిట్టాల్సిందేం లేదు, వర్గాలుగా విడదీస్తే అర్థమవుతుందని జవాబు రాశాడు. న్యాయం ఈయన పక్షానే ఉందనిపిస్తుంది. ఎందుకంటే ఇలాంటి ‘వెధవ మాట’ ఒకటి తెలుగులోనూ ఉంది, దాంతో మనమెవరమూ తికమక పడటం లేదు.

ఈత కొడతాం, ఈల కొడతాం, కాపీ కొడతాం, డైలాగ్ కొడతాం, గోడకు సున్నం కొడతాం, గుళ్ళో కొబ్బరికాయ కొడతాం. బోర్ కొడుతుంది, వాసన కొడుతుంది, గుండె కొట్టుకుంటుంది. వీటన్నిటికీ ఒకటే నిర్వచనం చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. పక్కనున్న నామవాచకం వినగానే కొట్టు ఏ వేషం కట్టిందో తెలిసిపోతుంది. తా కూడా సరిగ్గా ఇలాంటి క్రియ. అందుకే తెలుగువాళ్ళు దీన్ని నేర్చుకునేటప్పుడు ‘ఇదెందుకిలా ఉంది’ అన్న ప్రశ్నకు జవాబు మనలోనే ఉంటుంది. ‘ఎక్కడెక్కడ ఉంది’ అన్న ప్రశ్నకు మాత్రం జవాబు చైనీస్‌నే అడగాలి. రెండూ కలిపేసుకుంటే తప్పులు దొర్లుతాయి.

కలిసే చోట్లు ముచ్చటగా ఉంటాయి. పంక్చర్ షాపులో టైరుకి గాలి కొట్టడం ‘తా ఛీ’. ఛీ అంటే గాలి. చేలో మందు కొట్టడం ‘తా నుంగ్‌యావ్’, పొట్టిగా ‘తా యావ్’. యావ్ అంటే మందే. డప్పు కొట్టడం ‘తా కూ’. గుడ్డు కొట్టి గిన్నెలో పోయడం ‘తా చీతాన్’. టైపు కొట్టడానికీ తా యే. కమ్మరి ఇనుము కొట్టడం ‘తా థియే’. 2012 నవంబరులో చైనా కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయిన రోజు షీ జిన్‌పింగ్ విలేకరుల ముందు వాడిన సామెతలో ఉన్నది ఈ తా థియే యే: ఇనుము కొట్టాలంటే ముందు కొట్టేవాడు గట్టిగా ఉండాలని.

ఇంత పోలిక చూసి ధైర్యం తెచ్చుకుని, ‘మందు కొట్టడం’ రెండో అర్థంలోకి దిగితే బోల్తా పడతాం. సారా, వైన్ లాంటివాటికి చైనీస్ మాట ‘చియు’. ‘తా చియు’ అన్న ప్రయోగం ఉంది కూడా. అయితే దానర్థం తాగడం కాదు. సీసా పట్టుకుని దుకాణానికి వెళ్ళి, జాడీలోంచి కొలిపించుకుని తెచ్చుకోవడం. తాగడానికి వేరే క్రియ ఉంది. రాత్రి తా చియు చేశానని చెబితే చైనావాడికి అది షాపింగ్ కబురు.

ఈ ‘తెచ్చుకోవడం’ అన్న అర్థమే మన కొట్టుకు దాదాపుగా లేనిది. లాటరీ కొట్టడం, ఛాన్స్ కొట్టడం, పర్సు కొట్టేయడం దాకా వెళ్ళి తెలుగు ఆగిపోయింది. చైనీస్ తా ఇంకా ముందుకెళ్ళి బావి దగ్గర, క్యాంటీన్ దగ్గర, కిరాణా కొట్టు దగ్గర నిలబడింది. నీళ్ళు, కట్టెలు, నూనె, వెనిగర్, హాస్టల్లో ప్లేటు పట్టుకుని వరసలో నిలబడి తెచ్చుకునే అన్నం: వెళ్ళి, పట్టించుకుని, తిరిగొచ్చే పనులివి. వీటిలో బాగా పేరుపడ్డది ‘తా చియాంగ్‌యో’. చియాంగ్‌యో అంటే సోయా సాస్. సాస్ సీసాల్లో కాకుండా విడిగా అమ్మే రోజుల్లో ఇంట్లో ఖాళీ సీసా ఇచ్చి పిల్లల్ని పంపేవాళ్ళు. అందుకే ‘వాళ్ళ పిల్లాడు అప్పుడే తా చియాంగ్‌యో చేసేంతవాడయ్యాడు’ అంటే, చూస్తుండగానే ఎదిగాడని అర్థం. నూనె గిన్నె ఇచ్చి పిల్లల్ని కొట్టుకు తరిమిన తెలుగు ఇళ్ళకు ఈ మాట వివరించి చెప్పాల్సిన పని లేదు.

ఇదే మాటకు ఇంకో జన్మ కూడా ఉంది. 2008లో గ్వాంగ్‌జౌ నగరంలో ఒక టీవీ విలేకరి, అప్పట్లో దుమారం రేపుతున్న సినిమావాళ్ళ ఫొటోల గొడవ మీద అభిప్రాయం చెప్పమని దారినపోయే ఒకాయన్ని ఆపి అడిగాడు. ‘నాకేం సంబంధం? నేను సోయా సాస్ కోసం వచ్చా’ అన్నాడాయన. ఇంటర్నెట్ ఆ జవాబును ఎగరేసుకుపోయింది. ఆనాటినుంచి ‘నేను తా చియాంగ్‌యోకి వచ్చా’ అంటే ఈ గొడవలోకి నన్ను లాగకండి అని. నిఘంటువులోని ఇరవై చిల్లర అర్థాల్లో వెతికితే ఇది దొరకదు.

చేపలకు సంబంధించిన సామెత ఒకటి భాష నేర్చుకునేవాళ్ళకే ఎక్కువగా తగులుతుంటుంది: మూడు రోజులు చేపలు పట్టడం, రెండు రోజులు వల ఆరబెట్టుకోవడం. ఆరంభశూరుల గురించి అంటారు. అందులో చేపలు పట్టడం ‘తా యూ’.

ఇటు తెలుగు కొట్టు వెళ్ళినచోటికి తా వెళ్ళనివీ బోలెడు. బోర్ కొట్టడం, వాసన కొట్టడం, ఎండ కొట్టడం లాంటి చోట్ల కొట్టేది మనిషి కాదు, అనుభవం; దెబ్బ మనకు తగులుతుంది. తాకు ఆ పని చేతకాదు. దాని బదులు ఒంట్లోంచి హఠాత్తుగా తన్నుకొచ్చే వాటన్నిటినీ అది సొంతం చేసుకుంది. తుమ్ము ‘తా ఫెన్‌థీ’, ఆవలింత ‘తా హాఛియెన్’, గురక ‘తా హూలు’. ఎక్కిళ్ళు, కునికిపాట్లు, చలికి వణుకు, అన్నీ తా. ఆకాశంలో ఉరిమితే ‘తా లెయ్’. తెలుగులో తుమ్ము మనకు ‘వస్తుంది’. నాకు తుమ్మొచ్చింది అంటాం, అందులో మన ప్రమేయం లేనట్టు. చైనీస్‌లో ‘నాకు’ కాదు, ‘నేను’ తుమ్ము కొడతాను.

ఆటల దగ్గర తా ఇంకా తన చెయ్యి మర్చిపోలేదు. బ్యాడ్మింటన్, టేబుల్ టెన్నిస్, బాస్కెట్‌బాల్, వాలీబాల్ అన్నీ తా. పేకాట తా, మాజాంగ్ తా. తైచి కూడా తా యే, అంత నెమ్మదిగా కదిలే దాన్ని కొట్టడం అనడం వింతే అయినా. ఫుట్‌బాల్‌కి మాత్రం తా కుదరదు. అక్కడ ‘థీ’ అనాలి, తన్నడం అని. అక్షరంలో ఎడమపక్కనున్న ఆ మూడు గీతల చెయ్యి ఊరికే లేదని ఇలాంటిచోట్ల తెలుస్తుంది. ఎందుకంటే ‘థీ’ అక్షరం ఎడమపక్కన ఉన్నది కాలు.

రెండు భాషల పోలికలో అసలు ఆశ్చర్యం వేరేచోట ఉంది. తెలుగులో పగలగొట్టు, విరగ్గొట్టు, ఓడగొట్టు, తరిమికొట్టు అంటాం. ముందు ఫలితం, వెనక కొట్టు. చైనీస్‌లో సరిగ్గా ఇదే నిర్మాణం, తలకిందులుగా. తాఫో: కొట్టు, పగులు. తాత్వాన్: కొట్టు, విరుగు. తాపాయ్: కొట్టు, ఓడు. క్రియను వాక్యం చివర పెట్టే భాష ఫలితాన్ని ముందు చెప్పి చేతను చివర పెట్టింది. క్రియను మధ్యలో పెట్టే భాష జరిగిన వరసలోనే పెట్టుకుంది. ‘ప్రపంచ రికార్డు బద్దలుకొట్టాడు’ అని మన క్రీడా పేజీ రాస్తే, వాళ్ళ క్రీడా పేజీ అదే వార్తకు తాఫో అని రాస్తుంది. తాత్వాన్ కాలు విరగ్గొట్టడానికీ వస్తుంది, ఎదుటివాడి మాటకు మధ్యలో అడ్డుపడటానికీ వస్తుంది.

ఈ జంట మధ్యలో ‘పు’ అనే వ్యతిరేకాన్ని దూర్చితే చైనీస్ ఒక కొత్త సౌకర్యం చూపిస్తుంది. ‘తాఖాయ్’ అంటే తెరవడం. ‘తా పు ఖాయ్’ అంటే ప్రయత్నం జరిగింది, ఫలితం రావడం లేదు. మూత బిగుసుకుపోయిన పచ్చడి సీసాకు ఈ మాట అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. ఫోన్ కలవకపోతే ‘తా పు థుంగ్’. మనం ‘ఎంత చేసినా కలవట్లేదు’ అని మూడు మాటల్లో చెప్పేది వాళ్ళకు మూడు అక్షరాలు.

తెలుగు కొట్టు ఇంకో మెట్టు దిగజారింది కూడా. చెడగొట్టు, పోగొట్టు, ఎగ్గొట్టు లాంటి మాటల్లో దెబ్బ ఆనవాలు లేదు. పర్సు పోగొట్టుకున్నవాడు ఎవర్నీ కొట్టలేదు, అప్పు ఎగ్గొట్టినవాడూ కొట్టలేదు. అక్కడ గొట్టు ఒట్టి వ్యాకరణం, చేయించే ప్రత్యయంతో సమానం. తాకూ ఇదే గతి పట్టింది, మాట ముందువైపు. తాసావ్ అంటే ఊడ్చి శుభ్రం చేయడం. ‘సావ్’ ఒక్కదానికే ఊడవడం అన్న అర్థం ఉంది. తాథింగ్ అంటే వాకబు చేయడం. ‘థింగ్’ అంటే వినడం. తాపాన్ అంటే ముస్తాబవడం, తాస్వాన్ అంటే అనుకోవడం. వీటిలో తా చేస్తున్న పనల్లా ఒక్క అక్షరం మాటను రెండక్షరాల మాటగా నిలబెట్టడం. నేటి చైనీస్‌కి రెండక్షరాల మాటంటే మోజు ఎక్కువ. ఓయాంగ్ షియు చూస్తే ఇంకా బాధపడేవాడు.

వాడకంలో తెలుగువాళ్ళు తడబడే చోటు ఇంజెక్షన్ దగ్గర వస్తుంది. చైనాలో ఎంబీబీఎస్ చదివే మన పిల్లలు ఆస్పత్రి వార్డులో అడుగుపెట్టిన మొదటి రోజుల్లోనే వినే మాట ‘తా చెన్’. చెన్ అంటే సూది. నర్సు ఇంజెక్షన్ ఇస్తే తా చెన్, సరే. రోగి కూడా ‘వో ఛ్యూ తా చెన్’ అంటాడు: నేను వెళ్ళి తా చెన్ చేస్తా. తెలుగు చెవికి ఆ రోగి సిరంజి తీసుకుని ఎవరికో పొడవబోతున్నట్టు వినిపిస్తుంది. మనం ‘వేస్తా’, ‘వేయించుకుంటా’ అని క్రియలోనే తేడా చూపించి తీరతాం. చైనీస్ ఆ తేడాను క్రియలో చూపదు. చెప్పేవాడు డాక్టరా రోగా అన్నది చూసి వినేవాడే గ్రహించుకోవాలి. టీకా సంగతీ అంతే. ‘టీకా తా అయిందా?’ అని పక్కింటివాళ్ళు అడిగితే వేయించుకున్నావా అనే.

ఫోన్ మాటలోనూ ఒక చిక్కుంది, కానీ మనకు అది చిక్కు కాదు. తా తియెన్‌హ్వాలో తియెన్‌హ్వా ముందే కర్మస్థానంలో కూర్చుంది కాబట్టి, ఎవరికి చేస్తున్నామో వాళ్ళను వెనక తగిలించకూడదు. ఇంగ్లీషు అలవాటున్నవాళ్ళు వెనక తగిలించి తప్పులు చేస్తారు. సరైన వాక్యం ‘కెయ్ నీ తా తియెన్‌హ్వా’: నీకు ఫోన్ కొడతా. కెయ్ నీ అంటే నీకు. ఎవరికన్నది క్రియకు ముందే చెప్పడం తెలుగు వరసే. ఎన్నిసార్లు చేశారన్నది తాకూ తియెన్‌హ్వాకూ మధ్యలో చెప్పాలి. మూడు ఫోన్లు చేశానంటే తా, మూడు, తియెన్‌హ్వా అన్న వరసలో వస్తుంది. అందుకని ఇలాంటి మాటలను ఒకే ముద్దగా కాకుండా, మధ్యలో తెరుచుకునే తలుపురెక్కల్లా గుర్తుపెట్టుకోవడం మేలు.

జేబుకు సంబంధించిన ఉచ్చు ఒకటి మిగిలింది. డిస్కౌంట్ ఇవ్వడం ‘తా చ’. చ అంటే విరగడం, మడవడం. బట్టల షాపు అద్దం మీద పెద్ద 8 అంకె వేసి పక్కన చ అక్షరం ఉంటే, మనవాళ్ళు ఎనిమిది శాతం తగ్గింపే కదా అని పెదవి విరిచి వెళ్ళిపోతారు. నిజానికి ‘తా పా చ’ అంటే పదింట ఎనిమిది వంతులే కట్టమని. 100 యువాన్ల చొక్కా 80కి వస్తుంది. 7.5 అని ఉంటే 75 కట్టాలి. 9 అని ఉంటే తగ్గేది పది శాతమే, 3 అని ఉంటే డెబ్బై శాతం. అంకె ఎంత చిన్నదైతే కొనేవాడికి అంత లాభం. మరీ అడ్డగోలుగా ధర తగ్గిస్తే ‘తా కూచ’ అని జోకేస్తారు. కూచ అంటే ఎముక విరగడం. ధర కాలు విరగ్గొట్టారన్నమాట.

కొత్త మాటల్లోనూ తా జోరు తగ్గలేదు. ఆఫీసు గేటు దగ్గర హాజరు కార్డు కొట్టడం ‘తాఖా’. ఫోన్లు వచ్చాక పేరున్న చోటికి వెళ్ళి ఫొటో దిగి నెట్‌లో పెట్టడం కూడా తాఖా అయింది. కూలికో జీతానికో పనిచేయడం ‘తాకుంగ్’. 2020లో చైనా ఉద్యోగులు తమమీద తామే వేసుకున్న జోకు ‘తాకుంగ్‌రెన్’, అంటే కూలిమనిషి. ఏసీ గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్ళు కూడా పొద్దున్నే ఒకరికొకరు ‘గుడ్ మార్నింగ్ కూలిమనిషీ’ అని మెసేజ్ పెట్టుకున్నారు.

ఉత్తర చైనాలో, ముఖ్యంగా బీజింగ్ యాసలో, ఈ తా చివరికి క్రియగా ఉండటం కూడా మానేసింది. టాక్సీ ఎక్కగానే డ్రైవరు వెనక్కి తిరిగి ‘తా నార్ లాయ్ త?’ అని అడగొచ్చు. నార్ అంటే ఎక్కడ, లాయ్ అంటే రావడం. ఎవర్ని కొట్టి వచ్చావని కాదు, ఎక్కడ్నుంచి వచ్చావని. ఇక్కడ తా అంటే ‘నుంచి’. చిన్నప్పట్నుంచి అనడానికీ బీజింగ్‌వాళ్ళు ఈ తానే ముందు పెడతారు. తెలుగులో పట్టు అనే క్రియ ‘దాన్నిబట్టి’లో బట్టిగా అరిగిపోయినట్టు, అక్కడ కొట్టు అరిగి నుంచి అయింది.